సెయింట్ క్రాస్ దానశాల: కట్టడం, షరతు, లెక్క

ధర్మసంస్థను స్థాపించేవాడు తన తర్వాతివారికి రెండింటిని అప్పగించి పోతాడు. ఒకటి కట్టడం, రెండోది షరతు. కట్టడం నలుగురి కంటికీ కనిపిస్తుంది. గోడ బీటలు వారితే దారిన పోయేవాడు సైతం గుర్తిస్తాడు. షరతు మాత్రం దస్తావేజులో ఉంటుంది. అది బీటలు వారినప్పుడు ముందుగా తెలిసేది దాని వల్ల నష్టపోయిన బీదవాడికే. కాని అతని మాట వినేవారు అరుదు. అందుచేతనే అనేక ధర్మసంస్థల చరిత్ర వాటి కట్టడాల చరిత్రగా మాత్రమే వ్రాయబడింది. గోడలను ప్రశంసించిన రచయితలు ఆ గోడల మధ్య ఎవరు తినవలసి ఉన్నది, వాస్తవంగా ఎవరు తిన్నారు అని అడగలేదు.

ఈ లోపాన్ని పరిశీలించడానికి తగిన సంస్థ ఇంగ్లండులోని సెయింట్ క్రాస్ దానశాల. ఇది దాదాపు తొమ్మిది శతాబ్దాలుగా నడుస్తున్నది. ఆ దేశంలో నేటికీ సజీవంగా ఉన్న దానశాలలలో ఇదే ప్రాచీనమైనదని ప్రతీతి. దీనిని గురించి వాస్తు పండితులు వ్రాశారు, యాత్రికులు వ్రాశారు, ఒక ప్రసిద్ధ నవలాకారుడు ఈ విధమైన వ్యవహారాన్ని ఇతివృత్తంగా తీసుకొని నవల వ్రాశాడు, ఒక న్యాయమూర్తి తీర్పు వ్రాశాడు. వీరిలో ఈ సంస్థను సరిగా చదివినవారెవరు అన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న. వక్ఫ్ వ్యవస్థను ఎరిగిన పాఠకులకు ఇది పరాయి దేశపు ముచ్చటగా తోచదని నమ్ముతున్నాము.

స్థాపకుడు, ఆయన షరతు

ఒకప్పుడు వెసెక్స్ రాజులకు రాజధాని అయిన వించెస్టర్ నగరానికి దక్షిణంగా సుమారు ఒక మైలు దూరంలో, ఇచెన్ నది ఒడ్డున ఉన్న పచ్చిక బయళ్ల మధ్య ఈ దానశాల ఉన్నది. క్రీ.శ. 1130ల నడిమి కాలంలో దీనిని స్థాపించినవాడు బ్లూవా హెన్రీ. ఆయన ఇంగ్లండును జయించిన విలియం రాజుకు మనుమడు. 1135లో సింహాసనమెక్కిన స్టీఫెన్ రాజుకు తమ్ముడు. 1129 నుండి 1171లో మరణించే వరకు వించెస్టర్ బిషప్పు. ధనంలోను, రాజకీయ ప్రాబల్యంలోను ఆనాటి ఇంగ్లండులో ఆయనకు సాటి వచ్చేవారు కొద్దిమందే. పాలకుండ మోసుకొని పోతున్న ఒక పల్లె పడుచు ఆకలితో అలమటిస్తున్న ప్రజల కష్టాలు చెప్పగా విని ఆయన ఈ దానశాలను నిర్మించాడని ఒక జనశ్రుతి ఉన్నది. అది కేవలం జనశ్రుతి. అయితే ఆయన విధించిన షరతు మాత్రం కథ కాదు.

ఆ షరతులో రెండు భాగాలున్నవి. మొదటిది: ఒకరి సహాయం లేనిదే తమంతట తాము నిలువలేనంతగా నీరసించిన 13 మంది బీదలకు వసతి, వస్త్రం, అన్నపానాలు, పడక ఇవ్వాలి. వారిలో ఎవరైనా తిరిగి బలం పుంజుకుంటే గౌరవంగా పంపివేసి, ఆ స్థానంలో మరొకరిని చేర్చుకోవాలి. రెండవది: వీరు గాక, బయటి నుండి వచ్చే 100 మంది బీదలకు ప్రతిదినం భోజనం పెట్టాలి. తినగా మిగిలినదాన్ని వారు ఇంటికి తీసుకొని పోవచ్చు. లోపల ఉండేవారు 13 మంది, ప్రతిరోజూ గేటు దాటి వచ్చి తిని వెళ్లేవారు 100 మంది. ఈ నిష్పత్తిని పాఠకులు గుర్తుంచుకోవాలి. వ్యాసమంతా దీని చుట్టూ తిరుగుతుంది.

ఇంగ్లీషులో ఈ సంస్థ పేరు ‘హాస్పిటల్’. ఆనాటి వాడుకలో ఆ మాటకు వైద్యశాల అని అర్థం లేదు. అతిథికి, బీదకు, ముసలివానికి ఆశ్రయమిచ్చే చోటు అని అర్థం. కనుక దానశాల అనడమే సమంజసం.

కట్టడాన్ని చదవడం

ఇప్పుడు మనకు కనిపించే కట్టడాలన్నీ ఒకేనాటివి కావు. చర్చి 12, 13 శతాబ్దాలది. గేటు గోపురం, పడమటి వరుస నివాసాలు 15వ శతాబ్దిలో కార్డినల్ బోఫోర్ట్ కట్టించినవి. తూర్పు వైపున కర్రపనితో కట్టిన వరండా 16వ శతాబ్ది నాటిది. అయినా మొత్తం కట్టడంలో ఒక క్రమం ఉన్నది. బయటి నుండి లోపలికి నడుస్తూ ఆ క్రమాన్ని చూడవలసి ఉంటుంది.

మొదట బయటి ప్రాంగణం వస్తుంది. దాని ప్రక్కన ‘నూరుగురి హాలు’ ఉన్నది. ప్రతిదినం వచ్చే 100 మంది బీదలకు అన్నం పెట్టవలసిన చోటు అదే. ఆ తర్వాత బోఫోర్ట్ గోపురం, దాని కింద ద్వారం. ద్వారపాలకుని గది అక్కడే ఉన్నది. ద్వారం దాటితే విశాలమైన లోపలి ప్రాంగణం, మధ్య పచ్చిక. ఒక వైపు సహోదరుల భోజనశాల. దాని మధ్యలో నేలమీదనే పొయ్యి, పైన కర్రదూలాల ఎత్తైన కప్పు, వెనుక వంటశాల. పడమటి వైపు రెండంతస్తుల నివాసాల వరుస, దాని మీద బారులు తీరిన పొడవాటి పొగగొట్టాలు. దక్షిణాన చర్చి.

ఈ నివాసాల వరుస విషయంలో వాస్తు పండితుల ప్రశంస ఉచితమైనదే. మధ్యయుగపు దానశాలలలో తొలినాటి పద్ధతి వేరు. ఒకే పెద్ద హాలులో రెండు వైపులా పడకలు, కొసన ప్రార్థనాస్థలం; అందరూ ఒకే కప్పు కింద, ఒకరి దగ్గు ఒకరికి వినిపించేటట్లు. చిచెస్టర్ నగరంలోని సెయింట్ మేరీ దానశాలలో ఆ రూపం నేటికీ చూడవచ్చు. సెయింట్ క్రాస్‌లో బోఫోర్ట్ కట్టించిన వరుసలో ప్రతి మెట్లదారికి నాలుగు నివాసాలు: కింద రెండు, పైన రెండు. ఒక్కొక్కరికి కూర్చునే గది, పడకగది, సామాను కొట్టు, సొంత పొయ్యి. బీదవాడికి కూడా తలుపు వేసుకునే హక్కు ఉన్నదని ఆ గోడలు ఒప్పుకున్నవి. ఆ పొగగొట్టాల వరుస అలంకారం కోసం కట్టినది కాదు. ఎన్ని పొగగొట్టాలో అన్ని సంసారాలు అని లెక్క.

అలాగే తూర్పు వైపు రోగుల గది నుండి చర్చి లోపలికి తెరుచుకునే కిటికీ ఒకటి ఉన్నది. లేవలేనివాడు పడక మీద నుండే ప్రార్థన వినేందుకు చేసిన ఏర్పాటు అది. దుర్బలుణ్ణి దృష్టిలో పెట్టుకొని కట్టినవాడికే ఇటువంటి కిటికీ తోస్తుంది.

అయితే బోఫోర్ట్ చేసిన మరొక మార్పును ప్రశంసించడం కష్టం. 1445లో ఆయన పాత సంస్థకు ‘ఉదాత్త దారిద్ర్య’ సంస్థ అనే కొత్త శాఖను చేర్చాడు. మంచి కుటుంబాల్లో పుట్టి చితికిపోయినవారికి అది ఉద్దేశించబడింది. హెన్రీ సహోదరులకు నల్లని అంగీ, దానిపై వెండి శిలువ; బోఫోర్ట్ సహోదరులకు ఎర్రని అంగీ. ఈ రెండు రంగుల అంగీలు నేటికీ వాడుకలో ఉన్నవి. చితికినవారి పట్ల దయ తప్పు కాదు. కాని నిలువలేని వానికి అని హెన్రీ పెట్టిన కొలతకు పక్కన పుట్టుక అనే మరొక కొలత వచ్చి చేరింది. తర్వాతి అంతర్యుద్ధాల్లో బోఫోర్ట్ నిధి చాలా భాగం పోగా, ఆయన శాఖ కుదించుకు పోయింది.

కమాను వివాదం

చర్చి సుమారు 125 అడుగుల పొడవున్న శిలువ ఆకారపు కట్టడం. కప్పు అంతా రాతి కమానులతో నిర్మించినది. ముందు కట్టిన తూర్పు భాగంలో గుండ్రని నార్మన్ కమానులు, చివర కట్టిన పడమటి భాగంలో కొనదేలిన గాథిక్ కమానులు ఉన్నవి. ఒక శైలి మరొక శైలిగా మారడాన్ని ఒకే కప్పు కింద చూడవచ్చు. అందుచేత ఇది పండితులకు ఎంతో ఇష్టమైన చోటు అయింది.

18వ శతాబ్ది ముగింపులో వించెస్టర్‌లోనే నివసించిన జాన్ మిల్నర్ అనే కథొలిక్ మతాచార్యుడు ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు. ఈ చర్చి తూర్పు భాగంలో గోడమీద గుండ్రని కమానులు ఒకదానినొకటి ఖండించుకుంటూ పోతాయి. అలా ఖండించుకున్న చోట మధ్యలో కొనదేలిన ఆకారం ఏర్పడుతుంది. కొన కమాను ఇలాగే ఇంగ్లండు గడ్డమీద, ఈ కట్టడంలోనే పుట్టిందని ఆయన వాదన. అంతకు ముందు క్రిస్టఫర్ రెన్ వంటి మహాశిల్పి ఈ శైలిని ‘గాథిక్’ అనడం కన్న ‘సారసెన్’ శైలి అనడం న్యాయమని, దాని మూలం ముస్లిముల నిర్మాణాలలో ఉన్నదని వ్రాశాడు. మిల్నర్ సిద్ధాంతం ఒక విధంగా దానికి జవాబు.

నేడు మిల్నర్ వాదం నిలువదు. కైరోలో క్రీ.శ. 879లో పూర్తయిన ఇబ్న్ తూలూన్ మస్జిదులో కొన కమానులు బారులు తీరి ఉన్నవి. అది సెయింట్ క్రాస్ కన్న రెండున్నర శతాబ్దాల ముందటిది. ఐరోపాలోనే చూచినా, 1133 నాటికి పూర్తయిన డరమ్ కతీడ్రల్ కప్పులో కొన కమానులున్నవి. 1088లో మొదలైన క్లూనీ మఠపు మహామందిరంలోనూ ఉండేవి. బ్లూవా హెన్రీ ఆ క్లూనీ మఠంలోనే పెరిగిన సన్యాసి. కనుక కొన కమాను ఆయన ఎరుగని వింత కాదు. ముస్లిముల పాలన చూచిన సిసిలీ, దానికి ఎదురుగా ఉన్న దక్షిణ ఇటలీ దారిన ఈ కమాను క్లూనీకి చేరి ఉంటుందని పలువురు కళాచరిత్రకారుల అభిప్రాయం. అంతమాత్రాన గాథిక్ శైలి మొత్తం మనదేనని చాటుకోవడం కూడా మిల్నర్ చేసినటువంటి తొందరపాటే అవుతుంది. కమాను ఒక అవయవం. శైలి ఒక శరీరం. అవయవం ఎక్కడి నుండి వచ్చినా శరీరాన్ని నిర్మించినవారు ఫ్రాన్సు, ఇంగ్లండు తాపీపనివారే.

ఈ వివాదాన్ని ఇక్కడ ప్రస్తావించడానికి కారణం వేరే ఉన్నది. పండితులు ఆ గోడమీది కమానుల పుట్టుకను గురించి పుటలకు పుటలు వ్రాస్తున్న కాలంలో, అదే ఆవరణలోని నూరుగురి హాలులో నూరుగురు లేరు. కమాను ఎక్కడ పుట్టిందన్న ప్రశ్నకు ఉన్న శ్రద్ధ, అన్నం ఎక్కడికి పోయిందన్న ప్రశ్నకు లేకపోయింది. వాస్తు విమర్శలో ఇది చిన్న లోపం కాదు. దానశాల ఉద్దేశాన్ని విడిచి దాని కమానును మాత్రం చదవడం, ఉత్తరంలోని విషయాన్ని విడిచి చేతివ్రాతను మెచ్చుకోవడం వంటిది.

షరతు జారిన విధం

ఈ జారుడు 18వ శతాబ్దిలో మొదలైనది కాదు. 1370లలోనే సంస్థాధిపతులు దానశాలను ధర్మనిధిగా గాక తమ సొంత జీవనాధారపు పదవిగా భావించడం మొదలుపెట్టారు. వారిని ‘మాస్టర్’ అని పిలిచేవారు. పదవి వచ్చే ఆదాయం నాది, లెక్క చెప్పనక్కరలేదు అన్నది వారి వాదం. అప్పటి బిషప్పు విలియం ఆఫ్ వికం ఈ వాదాన్ని ఎదిరించి న్యాయస్థానాల్లో పోరాడి నెగ్గాడు. తర్వాత 1382లో తనకు నమ్మకస్థుడైన జాన్ కాంపెడన్‌ను మాస్టరుగా నియమించాడు. అతడు చర్చికి మరమ్మతులు చేయించాడు. అతని ఇత్తడి ఫలకం నేటికీ ఆ చర్చిలో ఉన్నది. ఒక మంచి మనిషి చేతిలో సంస్థ తేరుకొన్నది. కాని మంచి మనిషి మరణిస్తాడు, పదవి మిగులుతుంది.

1696లో అప్పటి మాస్టరు, సహోదరులు కలిసి ఒక పత్రం తయారు చేసుకొన్నారు. పూర్వపు దస్తావేజులు లభించడం లేదు గనుక సంస్థ ఆచారం ఇది అంటూ అందులో వ్రాసుకొన్నారు. సహోదరులకు నిర్ణీతమైన భత్యాలు పోగా మిగిలినదంతా మాస్టరుకు చెందుతుందన్నది దాని సారాంశం. షరతు ఉండవలసిన చోట ఆచారం వచ్చి కూర్చున్నది. షరతును ఎవరూ చించివేయలేదు. దాన్ని మరచిపోయినట్లు వ్రాసుకొన్నారు, అంతే.

ఆదాయం ఎలా జారిందో కూడా తెలుసుకోవడం అవసరం. సంస్థ భూములను దీర్ఘకాలపు కౌలుకు ఇచ్చేవారు. ఏటేటా వచ్చే కౌలు నామమాత్రం. కాని కౌలు కొత్తగా వ్రాసేటప్పుడు, గడువు పొడిగించేటప్పుడు రైతు వద్ద ఒక్కసారిగా పెద్ద మొత్తం నజరానా పుచ్చుకొనేవారు. సంస్థ ఖాతాలో చేరేది చిన్న కౌలు. మాస్టరు జేబులో పడేది పెద్ద నజరానా. పైకి చూస్తే దొంగతనం జరిగినట్లు కనిపించదు. ఏటా కౌలు వస్తూనే ఉన్నది, 13 మంది సహోదరులు తింటూనే ఉన్నారు. నష్టపోయినవారు ఆ నూరుగురు. రేపటి తరం సహోదరులు.

1808లో వించెస్టర్ బిషప్పు బ్రౌన్లో నార్త్ తన కుమారుడు ఫ్రాన్సిస్ నార్త్‌ను ఈ దానశాలకు మాస్టరుగా నియమించాడు. ఫ్రాన్సిస్‌కు అప్పటికే ఇతర చర్చి పదవుల ఆదాయం కూడా ఉండేది. 1827లో అతడు గిల్‌ఫర్డ్ ప్రభువు అయ్యాడు. 1855 వరకు, అంటే 47 సంవత్సరాలు, దానశాల మాస్టరుగా కొనసాగాడు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ సంస్థకు మాస్టరును నియమించే అధికారం బిషప్పుదే. సంస్థను తనిఖీ చేసే అధికారమూ బిషప్పుదే. నియమించినది తండ్రి, తనిఖీ చేయవలసినది తండ్రి, అనుభవించేది కొడుకు. ఇటువంటి చోట వ్యక్తులు దుర్మార్గులు కానక్కరలేదు, ఏర్పాటే చాలు.

1848లో అమెరికా రచయిత ఎమర్సన్, స్కాట్లండు రచయిత కార్లైల్ కలిసి ఈ దానశాల చూడడానికి వచ్చారు. ఇక్కడ ‘బాటసారి భిక్ష’ అనే ఆచారం ఉన్నది. గేటు వద్ద అడిగిన ప్రతివానికి ఒక రొట్టెముక్క, కొమ్ముతో చేసిన గిన్నెలో కాస్త బీరు ఇస్తారు. ఇద్దరూ అడిగి తీసుకొన్నారు. రోజుకు సుమారు 20 మంది ఇలా అడుగుతారని అక్కడి వృద్ధ దంపతులు వారికి చెప్పారు. ఏడు వందల ఏళ్ల ఆతిథ్యం తమకు లభించినా, బీదల కోసం ఉద్దేశించిన ఆదాయంలో ఏటా 2,000 పౌండ్లు పుచ్చుకుంటూ, ఈ రొట్టెముక్కల మీద స్వల్పం ఖర్చు పెట్టే ఆ మతాచార్యుణ్ణి కార్లైల్ శపించకుండా ఉండలేదని ఎమర్సన్ తన ఇంగ్లండు యాత్రాగ్రంథంలో వ్రాశాడు. యాత్రికుల్లో ఎక్కువమంది ఆ రొట్టెముక్కను పురాతన ఆచారంగా చూసి ముచ్చటపడి వెళ్లారు. కార్లైల్ దాన్ని లెక్కపుస్తకంలోని ఒక పద్దుగా చూశాడు. ఇద్దరు చూచినదీ ఒకే ముక్క.

అదే కాలంలో మరొక విచిత్రం జరిగింది. 1834 నాటి కొత్త చట్టం ప్రకారం ఇంగ్లండు బీదలను జైళ్ల వంటి పనిగృహాలలో ఉంచసాగారు. దీనిని నిరసిస్తూ వాస్తుశిల్పి ప్యూజిన్ 1841లో తన గ్రంథపు రెండవ ముద్రణలో రెండు చిత్రాలు పక్కపక్కన ముద్రించాడు. ఒకటి కొత్త పనిగృహం. రెండవది మధ్యయుగపు దానశాల. ఆ రెండవ చిత్రంలోని ప్రాంగణం, చర్చి, గోపురం సెయింట్ క్రాస్‌ను తలపిస్తాయి. ప్యూజిన్ కోపం ధర్మమైనదే, పనిగృహాలు అమానుషమైనవే. కాని ఆయన ఆదర్శంగా చూపిన తీరు కట్టడం గోడలన్నీ నిలిచి ఉండగానే ఆనాడు దాని ఆదాయం ఎవరికి పోతున్నదో ఆ చిత్రం చెప్పలేకపోయింది. మంచి కట్టడం మంచి ధర్మానికి హామీ అన్న భ్రమ అటువంటి పెద్ద శిల్పిని కూడా వదలలేదు.

తీర్పు

స్థానికుల ఫిర్యాదుల ఫలితంగా వ్యవహారం చాన్సరీ న్యాయస్థానానికి వెళ్లింది. 1853లో న్యాయమూర్తి సర్ జాన్ రోమిలీ తీర్పు చెప్పాడు. ఇది మాస్టరు సొంత జీవనాధారపు పదవి కాదు, బీదల కోసం ఏర్పడిన ధర్మనిధి అని నిర్ణయించాడు. 1696 నాటి పత్రాన్ని తీవ్రమైన మాటలతో ఖండించాడు. గిల్‌ఫర్డ్ ప్రభువు 1855లో వైదొలగాడు. 1857లో ట్రస్టీల మండలి పర్యవేక్షణలో కొత్త ఏర్పాటు అమలులోకి వచ్చింది. ధర్మనిధుల పర్యవేక్షణకు ఒక శాశ్వత కమిషన్‌ను ఏర్పరచిన చట్టం కూడా 1853లోనే వచ్చింది. ఆ తర్వాత 1864-65లో బటర్‌ఫీల్డ్ అనే శిల్పి చర్చిని పునరుద్ధరించి లోపల రంగులు వేయించాడు. ఆ రంగులు బాగున్నవా లేదా అని పండితులు మళ్లీ వాదించుకొన్నారు.

నవల చూచిన సగం

తీర్పు వచ్చిన రెండేళ్లకు, 1855లో, ఆంథొనీ ట్రాలప్ ‘ద వార్డెన్’ నవల ప్రకటించాడు. బాల్యంలో ఆయన వించెస్టర్ పాఠశాలలో చదివినవాడు. నవలలోని హైరమ్ దానశాల కల్పితమే. సెయింట్ క్రాస్‌కు నకలు కాదు. అయితే సెయింట్ క్రాస్ పేరు, గిల్‌ఫర్డ్ ప్రభువు వ్యవహారం నవలలోనే ప్రస్తావనకు వస్తాయి.

కథ క్లుప్తంగా ఇది. 1434లో ఉన్ని వర్తకుడు ఒకడు 12 మంది వృద్ధ కార్మికుల కోసం దానశాల పెట్టాడు. కాలక్రమాన భూముల విలువ పెరిగింది. ఇప్పుడు వార్డెన్ హార్డింగ్‌కు ఏడాదికి 800 పౌండ్లు వస్తున్నవి. వృద్ధులకు దినానికి ఒక షిల్లింగు నాలుగు పెన్నీలు. హార్డింగ్ మృదుస్వభావి, సంగీతప్రియుడు, వృద్ధులకు ఆప్తుడు. తన జేబులో నుండి రోజుకు రెండు పెన్నీలు వారికి అదనంగా ఇస్తాడు. ఒక యువ సంస్కర్త దావా వేస్తాడు, ఒక పెద్ద పత్రిక హార్డింగ్‌ను దొంగగా చిత్రిస్తుంది. చివరకు దావా ఉపసంహరించబడినా, ఈ సొమ్ము నిజంగా నాదేనా అన్న ప్రశ్నకు తృప్తికరమైన జవాబు దొరకక హార్డింగ్ రాజీనామా చేస్తాడు. ఆ తర్వాత వార్డెన్ లేని దానశాల పాడుపడుతుంది. వృద్ధుల స్థితి మునుపటికన్న హీనమవుతుంది.

ఈ నవలకు గొప్పతనం తెచ్చినది ఆ ప్రశ్నే. న్యాయస్థానం అడగకపోయినా, లోకం ఒత్తిడి తగ్గిపోయినా, ధర్మసొమ్ము తినేవాడు తనను తాను ప్రశ్నించుకోవడం అరుదైన దృశ్యం. దాన్ని ట్రాలప్ ఎంతో సున్నితంగా చిత్రించాడు. దుర్మార్గుడు లేకుండానే అన్యాయం జరగగలదని చూపడం కూడా ఆయన సాధించిన విజయం. ఇంతవరకు ఆక్షేపణ లేదు.

ఆక్షేపణ వేరే చోట ఉన్నది. ట్రాలప్ కల్పించిన దానశాలలో లోపలి 12 మందే ఉన్నారు. బయటి నూరుగురు లేరు. స్థాపకుని షరతులో నుండే ఆ నూరుగురిని నవలాకారుడు తీసివేశాడు. అందువల్ల సమస్య అంతా వార్డెనుకు, అతని కళ్లముందున్న వృద్ధులకు మధ్య మంచి మర్యాదల సమస్యగా కుదించుకు పోయింది. ఆ వృద్ధులకు లోటేమీ లేదు గనుక, ఎక్కువ కోరడం వారి దురాశగాను, కోరమని ప్రోత్సహించడం సంస్కర్త తొందరపాటుగాను కనిపిస్తుంది. సెయింట్ క్రాస్‌లో అసలు నష్టపోయినవారు లోపలివారు కారు. గేటు బయట నిలిచి, తమకు ఇక్కడ ఒక హాలు ఉన్నదని కూడా ఎరుగక, వెనుదిరిగి పోయినవారు. వారి తరఫున ఏ హార్డింగ్ రోజుకు రెండు పెన్నీలు ఇచ్చినా సరిపోదు. ఎందుకంటే వారి ముఖాలు అతనికి తెలియవు. దయ ముఖం చూచి పుడుతుంది. షరతు ముఖం చూడనివారి కోసం కూడా పనిచేస్తుంది. స్థాపకుడు దయతో ఆగక షరతు వ్రాసినది ఇందుకే.

మనం గ్రహించవలసినది

ఫికహ్ పండితులు వాకిఫ్ షరతుకు శాసనవాక్యానికి ఉన్నంత విలువ ఇచ్చారు. ముతవల్లీ యజమాని కాడు, అమీన్ మాత్రమే అన్నారు. అతడు నమ్మదగనివాడని తేలితే, వాకిఫ్ స్వయంగా ముతవల్లీ అయినప్పటికీ తొలగించవలసినదేనని హనఫీ గ్రంథాలు చెబుతున్నవి. వక్ఫ్ ఇళ్లను ఒక ఏడాదికి, సాగుభూములను మూడేళ్లకు మించి కౌలుకు ఇవ్వరాదని తర్వాతి హనఫీ పండితులు హద్దు పెట్టారు. దీర్ఘకాలపు కౌలుదారు చివరకు యజమానిగా చెలామణి అవుతాడన్న భయమే దానికి కారణం. సెయింట్ క్రాస్ కౌళ్ల చరిత్ర చదివినవారికి ఈ హద్దు ఎంత దూరదృష్టితో పెట్టినదో అర్థమవుతుంది.

కాని దీనితో సంతృప్తి పడి కూర్చునే హక్కు మనకు లేదు. ఆ హద్దును దాటే దారులు కూడా మన చరిత్రలోనే వెదకబడినవి. ఉస్మానియా రాజ్యంలో ‘ఇజారతైన్’ అనే రెండు కౌళ్ల పద్ధతి వచ్చింది: ఆరంభంలో ఒక పెద్ద మొత్తం, తర్వాత ఏటేటా నామమాత్రపు కౌలు. అగ్నిప్రమాదాలకు గురైన వక్ఫ్ ఇళ్లను బాగుచేయడానికి డబ్బు లేనప్పుడు అవసరం కొద్దీ పుట్టిన పద్ధతి అది. ఆ పెద్ద మొత్తం వక్ఫ్ మరమ్మతుకే చెందాలి. అయినా కాలక్రమాన కౌలుదారు హక్కు బలపడి, వక్ఫ్ చేతిలో చిన్న కౌలు మాత్రమే మిగిలింది. వించెస్టర్ నజరానాకు, దీనికి రూపంలో ఎంత పోలిక ఉన్నదో పాఠకులే చూడగలరు. ధర్మనిధి జారిపోయే దారి మతాన్ని బట్టి మారదు. ఎక్కడ పెద్ద మొత్తం ఒక్కసారిగా చేతులు మారుతుందో, ఎక్కడ నియమించేవాడే తనిఖీదారు అవుతాడో అక్కడ అది జారుతుంది.

నేడు సెయింట్ క్రాస్‌లో సుమారు 25 మంది సహోదరులు నివసిస్తున్నారు. నల్లని, ఎర్రని అంగీలు ధరిస్తారు. బాటసారి భిక్ష కొనసాగుతున్నది. నూరుగురి హాలు సందర్శకులకు తేనీరు అమ్మే చోటు అయింది. దీన్ని అపహాస్యం చేయడం సులభమే కాని అది న్యాయం కాదు. లోపలి వృద్ధులకు గౌరవంగా తలదాచుకునే చోటు ఈనాటికీ దొరుకుతున్నది. అది చిన్న విషయం కాదు. అయినా హెన్రీ షరతులో సగం ఆచారంగా మిగిలి, సగం ఒక హాలు పేరుగా మిగిలిందని చెప్పక తప్పదు.

మొదట వేసిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. వాస్తు పండితులు కమానులను చదివారు. ప్యూజిన్ ఆదర్శాన్ని చదివాడు. ట్రాలప్ ఒక మనస్సాక్షిని చదివాడు. కార్లైల్ రొట్టెముక్క బరువు తూచాడు. సంస్థను మాత్రం ఆ న్యాయమూర్తి సరిగా చదివాడు. ఇది ఎవరి కోసం పెట్టినది, లెక్క ఎక్కడ అన్న రెండు ప్రశ్నలనే ఆయన అడిగాడు. అంతమాత్రాన కట్టడం వ్యర్థమని కాదు. దస్తావేజులు దొరకడం లేదని వ్రాసుకొన్న కాలంలో కూడా ఆ హాలు తన పేరును విడువలేదు. ‘నూరుగురి హాలు’ అన్న రెండు మాటలు ఆ ఆవరణలో నిలిచినంతకాలం షరతుకు ఒక సాక్షి మిగిలే ఉన్నది. కాని సాక్షి కాపలాదారు కాడు. అడిగేవారుంటేనే అతని సాక్ష్యం పనికి వస్తుంది. ధర్మనిధిని కాపాడేది ఏటేటా నలుగురి ముందు విప్పి చూపే లెక్కపుస్తకం, దాన్ని అడిగి చూచే ఓపిక ఉన్న సామాన్య జనం.